అడ్డం పెట్టిన చెయ్యి

మగ్గాల షెడ్డులో గొంతుతో పనిలేదు. వరసలు వరసలుగా మగ్గాలు ఒక్కసారే కొట్టుకుంటుంటే, పక్కవాడి చెవిలో నోరు పెట్టి అరిచినా వాడికి గాలి తగులుతుందే తప్ప మాట వినపడదు. అందుకే మేమంతా పెదాలతో మాట్లాడుకుంటాం. చప్పుడు చెయ్యకుండా, మాటని కాస్త సాగదీసి పెదాల మీద పెట్టి చూపిస్తాం. నాలుగు వరసల అవతల ఉన్నవాడికి ఇంటి సంగతులు చెప్పుకోవచ్చు, తిట్టుకోవచ్చు, వేళాకోళం ఆడుకోవచ్చు. కొత్తగా వచ్చినవాళ్లు కొన్నాళ్లు తల అటూ ఇటూ వంచి తికమకపడతారు. ఒకసారి కళ్లకి అలవాటైతే ఇక చచ్చేదాకా పోదు. దారిన పోయే బస్సు కిటికీలో ఎవరో మాట్లాడుకుంటున్నా మా కళ్లు వెళ్లి వాళ్ల మూతి మీద వాలతాయి.

ఆ షెడ్డులో ఒక మర్యాద ఉంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడకూడదు. అడ్డం పెట్టినవాడి దగ్గర దాచుకోవలసినదేదో ఉందని షెడ్డంతా అనుకుంటుంది. ఆపైన వాడితో ఎవరూ మనసిచ్చి మాట్లాడరు. నా బావమరిదికి పెదాల మాటా, ఈ మర్యాదా రెండూ నేర్పింది నేనే.

తల్లి పోయాక వాణ్ణి పెంచింది మా ఆవిడ. మీసం మొలవకముందే తెచ్చి నా చేతిలో పెట్టింది. నా పక్క మగ్గం మీదే నిలబెట్టుకున్నాను. వాడి చేతులు ఎప్పుడూ వెనకబడేవి, నోరు ముందుండేది. తెగిన పోగు ముడివేసేలోపల నలుగురిని నవ్వించేవాడు. ఆ నోటితోనే మిల్లు పనివాళ్ల ఓట్లన్నీ పోగుచేసుకుని చట్టసభకి వెళ్లాడు. అప్పటినుంచి అందరూ లీడరు అనడం మొదలుపెట్టారు. నేను అనలేదు. మగ్గం నడుస్తుండగా వదిలేసి కబుర్లకి పోయేవాడు నాకు ఎప్పుడూ నచ్చలేదు. మా ఆవిడ దగ్గర ఈ మాటంటే ఆ పూట అన్నం కంచం నేలకి గట్టిగా తగిలేది.

ఆ ఏడు ఎండలు ముదరకముందే, అదే షెడ్డులో మగ్గం నడిపే మా అమ్మాయిని పనిలోంచి తీసేశామని మిల్లు గేటు దగ్గర ఆపేశారు. ఆమెతోపాటు మరికొందరిని. సంఘం కావాలా అని మగ్గం మగ్గానికీ తిరిగి అడగడం వాళ్లు చేసిన తప్పు. గొంతెత్తి అడగలేదు, పెదాలతోనే అడిగారు. కానీ మేస్త్రీ కూడా ఒకప్పుడు మగ్గం మీద బతికినవాడే. మూల నిలబడి అంతా చదివేశాడు.

సంఘం పెట్టుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. దాన్ని గుర్తించాలా వద్దా అన్నది మాత్రం యజమాని ఇష్టం. గుర్తింపు లేని సంఘం మాట్లాడినా గోడ మాట్లాడినా ఒకటే. ఆ ఎండాకాలం చట్టసభలో ఒక బిల్లు వచ్చింది. పనివాళ్లలో సగానికి పైగా రహస్యంగా ఓటు వేసి సంఘం కావాలంటే యజమాని గుర్తించి తీరాలి. సంఘం మాటెత్తినందుకు తీసేసినవాళ్లని తిరిగి పనిలోకి పిలవాలి. మా అమ్మాయికి తన మగ్గం దగ్గరికి వెళ్లడానికి ఆ బిల్లు తప్ప వేరే దారి లేదు.

"ఎందుకంత ముఖం మాడ్చుకుంటారు, వాడున్నాడుగా," అంది మా ఆవిడ. తమ్ముడికి కబురు పెట్టింది.

వాడు వచ్చాడు. తెల్లబట్టలు. గడప బయట విప్పిన బూట్ల మడమలు ఏ మాత్రం అరగలేదు. మా ఆవిడ కుర్చీ తుడిచింది. తుడిచినదాన్నే మళ్లీ తుడిచింది.

"నువ్వు కంగారుపడకు అక్కా. బిల్లు సభకి వచ్చినప్పుడు నేనుంటాను."

"ఉంటావు సరే, ఎటువైపు ఉంటావు?" అన్నాను.

మా ఆవిడ నావైపు చూసిన చూపుకి కుర్చీ కాలైనా విరగాలి. వాడు నవ్వాడు.

"బావ నేనింకా తన పక్క మగ్గం మీదే ఉన్నాననుకుంటున్నాడు."

"పక్క మగ్గం మీద నువ్వు ఎన్నడున్నావు," అన్నాను.

అమ్మాయి మా ఇద్దరి మధ్యా వచ్చి నేలమీద కూర్చుంది. సభలో ఓటు ఎలా వేస్తారని అడిగింది. వాడు ఓపిగ్గానే చెప్పాడు. మామూలుగా నోటిమాటతో అయిపోతుందట. పైన కూర్చున్న సభాపతి, ఒప్పుకునేవాళ్లు అవును అనండి అంటాడు, ఒప్పుకోనివాళ్లు కాదు అనండి అంటాడు. ఏ అరుపు పెద్దదని ఆయన చెవికి తోస్తే అదే గెలిచినట్టు. అలా వద్దని ఒక్క సభ్యుడు లేచి లెక్క కావాలని అడిగినా చాలు, తలుపులు మూయించి ఒక్కొక్కరినీ నిలబెట్టి లెక్కపెడతారు. ఎవరు ఎటు నిలబడ్డారో పేరుతో సహా రాస్తారు.

"అయితే అరుపుల్లో ఎవరు ఏమన్నారో ఎవరికీ తెలియదన్నమాట," అంది అమ్మాయి.

"తెలియదు. అందుకే లెక్క అడుగుతాను. ఎవరూ లేవకపోయినా నేను లేస్తాను."

"లేవకపోతే?"

"మీ అమ్మ నన్ను పెంచలేదనుకో."

మా ఆవిడ కళ్లు ఒత్తుకుంది. అమ్మాయి ముఖం విచ్చుకుంది. నాకు ఒళ్లు మండింది. ఒట్టు పెట్టుకోవడానికి వాడికి తనదంటూ ఏమీ దొరకలేదు, మా ఆవిడ పడ్డ కష్టం దొరికింది. ఆ మాట పైకి అనలేదు. లేచి వెళ్లి గేదెకి నీళ్లు పెట్టాను.

ఎండ పెరిగింది. ఆపేసినవాళ్లంతా గేటు ఎదురుగా ఒక రేకు కింద కూర్చునేవాళ్లు. షిఫ్టుకి లోపలికి పోయేవాళ్లు తల వంచుకుని పోయేవాళ్లు. మేస్త్రీ బయటికొచ్చి, మేనమామ పెద్దవాడైతే మేనకోడలికి నీడపట్టున కూర్చునే ఉద్యోగం దొరికిందే అనేవాడు. అమ్మాయి నోరెత్తకుండా పెదాలతో ఒక మాట అనేది. అది చదువుకుని మేస్త్రీ లోపలికి పోయేవాడు. ఆ మాట ఇక్కడ రాయలేను.

ఒకరోజు నూలు చుట్టిన దూలాన్ని మరొకడితో కలిసి మోసుకుంటూ ఆఫీసు పక్కగా పోతున్నాను. మేనేజరు గదికి పెద్ద అద్దాల కిటికీ ఉంది. లోపల మేనేజరు మాట్లాడుతున్నాడు. ఎండలు అన్నాడు. పంచదార ఎంత అన్నాడు. మీ అక్కగారి అమ్మాయేనట కదా అన్నాడు. ఎదుటి మనిషి వీపు నాకు తెలుసు. నా పక్కన నిలబడి పెరిగిన వీపు. గదిలో ఫ్యాను కింద ఒక కుర్చీ ఖాళీగా ఉంది. దానిలో కూర్చుంటే ముఖం కిటికీకి వస్తుంది. వాడు గాలి లేని కుర్చీలో, కిటికీకి వీపు పెట్టి, చెమటకి చొక్కా అంటుకుపోయినా అక్కడే కూర్చున్నాడు.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను.

"ఏం మాట్లాడుకున్నారు?" అంది.

"పంచదార సంగతి."

"పంచదార సంగతి మాట్లాడితే తప్పా?"

"కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాడు."

"అద్దాల్లోంచి మూతులు చూసుకుంటూ బతికే మొగుడు దొరికాడు నాకు. ఇప్పుడు వీపులు కూడా చదువుతున్నారా?" అంది. అమ్మాయి నవ్వింది. ఇంట్లో ఇద్దరూ ఒకవైపున్నప్పుడు నేను మాట్లాడటం మానేస్తాను. మానేశాను.

బిల్లు సభకి వచ్చిన మధ్యాహ్నం గేటు ఎదుటి టీ కొట్టు నిండిపోయింది. షిఫ్టు దిగినవాళ్లు దిగినట్టే వచ్చారు, తల మీద దూది పీచు దులుపుకోకుండా. అమ్మాయీ, ఆపేసినవాళ్లూ టీవీ ముందు నేలమీద కూర్చున్నారు. కొట్టువాడు వినపడాలని సౌండు పెంచాడు. మా పొట్టి ఫిట్టరు, మగ్గాలు బాగుచేసేవాడు, మనిషి ఎంత పొట్టో నాలుక అంత పొడుగు, వెనకనించి అన్నాడు, "సౌండు తగ్గించవయ్యా, కనపడి చావటం లేదు."

కొట్టువాడికి అర్థం కాలేదు. మాకందరికీ నవ్వొచ్చింది. ఆ రోజుకి అదే ఆఖరి నవ్వు.

బిల్లు తెచ్చిన ముసలి సభ్యుడు చాలాసేపు మాట్లాడాడు. చేతులు వణుకుతున్నా మాట వణకలేదు. తరవాత ఇంకెవరెవరో మాట్లాడారు. మిల్లులు మూతపడతాయన్నారు, పరిశ్రమ పారిపోతుందన్నారు. మా వాడు లేవలేదు. లెక్క అడగడానికి గొంతు దాచుకుంటున్నాడని అమ్మాయి పక్కపిల్లతో పెదాలతో అంది.

సభాపతి బిల్లుని ఓటుకి పెట్టాడు. ఒప్పుకునేవారు అవును అనండి అన్నాడు. ఆ క్షణాన టీవీ ఆయన ముఖమే చూపించింది. అవును అన్న అరుపు బాగానే వచ్చింది. టీ కొట్టులో మేమూ అన్నాం. ఒప్పుకోనివారు కాదు అనండి అన్నాడు. ఈసారి కెమెరా కదిలింది. వరసల మీదుగా మెల్లగా పోతోంది. తెరుచుకున్న నోళ్లన్నీ మేం చదువుకుంటూ పోతున్నాం. కాదు. కాదు. మీసాల మనిషి, కాదు. కళ్లజోడు మనిషి, కాదు. ఒకాయన నోరు కదలలేదు. ఆ పక్కన మా వాడు.

వాడి చెయ్యి నోటికి అడ్డంగా ఉంది. నాలుగు వేళ్లూ కలిపి, బొటనవేలు బుగ్గకి ఆనించి.

కెమెరా దాటిపోయింది. కాదన్నవారిదే పైచేయి అని భావిస్తున్నానని సభాపతి అన్నాడు. అని, ఆగాడు. లెక్క అడిగేవాడు లేస్తాడేమోనని ఆగేది అప్పుడే అని మా వాడే చెప్పాడు. బిల్లు తెచ్చిన ముసలాయన లేవబోయి కాగితాలు జారిపోతే వంగాడు. ఇంకెవరూ కదలలేదు. సుత్తి బల్లమీద పడింది. తరవాత ఏదో మంచినీటి పైపుల బిల్లు మొదలైంది.

"పాపం, మన లీడరుకి ఆ టైముకే దగ్గొచ్చినట్టుంది," అన్నాడు కొట్టువాడు.

ఫిట్టరు నావైపు తిరిగి, "దగ్గితే భుజాలు ఎగురుతాయి," అన్నాడు. పెదాలతోనే అన్నాడు. కొట్టువాడికి అదీ వినపడలేదు.

తక్కినవాళ్లలాగా నోరు తెరిచి అరిచేసి ఉంటే, అన్ని మూతుల్లో వాడి మూతి మేం పట్టుకునేవాళ్లమో లేదో. కానీ వాడికి మా కళ్లు గుర్తొచ్చాయి. షెడ్డంతా టీవీ ముందు కూర్చుని ఉంటుందని గుర్తొచ్చింది. చెయ్యి దానంతటదే లేచింది.

అమ్మాయి ఖాళీ గ్లాసు తీసుకెళ్లి కొట్టువాడి బల్లమీద పెట్టింది. చప్పుడు కాకుండా పెట్టింది.

ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ రేడియో ముందు కూర్చుని ఉంది. బిల్లు పోయిందని ఆమెకీ తెలుసు. అయినా ముఖంలో ఏదో వెలుగుంది.

"వాడి గొంతు విన్నాను. అంత గోలలోనూ తెలిసింది నాకు. అవును అన్నాడు. చిన్నప్పుడు వీధిలో పిల్లలందరూ ఏడుస్తుంటే వాడి ఏడుపు వేరే తెలిసేది నాకు," అంది.

అమ్మాయి కాళ్లు కడుక్కుని గోడవైపు తిరిగి పడుకుంది. నాకు చెప్పాలనే ఉంది. కడుపు నిండా ఉంది. కానీ చెవులతో చూసిన మనిషికి కళ్లతో విన్నదేం చెబుతాం.

వాడు వారం దాటాక వచ్చాడు. మెడకి తువ్వాలు చుట్టుకున్నాడు. గొంతు బొంగురుపోయి ఉంది, లేదా అలా మాట్లాడుతున్నాడు.

"అరిచి అరిచి గొంతు పోయింది అక్కా. లెక్క కావాలని కూడా అడిగాను. ఆ గోలలో ఆయనకి వినపడితేనా."

"నాకు తెలుసురా," అంది మా ఆవిడ. పొయ్యి మీద నీళ్లు పెట్టింది.

వాడు నావైపు చూడకుండా చెప్పుకుపోయాడు. మేనేజరుతో మాట్లాడాడట. మిల్లు ఆఫీసులో కుర్చీ పని ఒకటి ఉందట. అమ్మాయికి మగ్గం దుమ్ము ఎందుకు, చదువుకున్న పిల్ల. ఇకమీదట సంఘం జోలికి పోనని ఒక్కమాట చెబితే చాలట.

"తక్కినవాళ్లకి కూడా కుర్చీలున్నాయా?" అన్నాను.

"బావా, అందరికీ అన్నీ ఎక్కడినుంచి వస్తాయి."

"కుర్చీ కిటికీకి ఎటువైపు ఉంటుంది?"

వాడు నావైపు చూశాడు. ఆ మాట ఎక్కడిదో వాడికి తెలిసింది. మా ఆవిడ పొయ్యి దగ్గరినుంచి, ఇంటికొచ్చిన మనిషిని పొడవడం తప్ప ఇంకేమైనా వచ్చా మీకు అని విసుక్కుంది.

అమ్మాయి లోపలిగది ద్వారబంధానికి ఆనుకుని నిలబడి ఉంది. మా ఆవిడ అటు తిరిగి నీళ్లు వంచుతోంది. అమ్మాయి వాడివైపు చూసి నోరు తెరిచింది. గొంతు లేదు.

చెయ్యి ఎందుకు అడ్డం పెట్టుకున్నావు మామయ్యా, అంది.

వాడు వద్దనుకునేలోపలే వాడి కళ్లు ఆ పెదాల మీద వాలాయి. చివరిదాకా చదివాయి. అప్పుడు, "ఏమిటమ్మా?" అన్నాడు పైకి. బొంగురు లేకుండా అన్నాడు.

అమ్మాయి మళ్లీ అంది. ఈసారి షెడ్డులోకి కొత్తగా వచ్చినవాళ్లకి చూపించినట్టు ఒక్కొక్క మాటా సాగదీసి అంది.

వాడి చెయ్యి మోకాలి మీదినుంచి లేచింది. నేను చూస్తూనే ఉన్నాను. నాలుగు వేళ్లూ కలిసి ఉన్నాయి. పెదాలకి తగిలాక వాడికి తెలిసింది. అక్కణ్ణించి మీసం మీదికి పోనిచ్చాడు, మీసం మీదినుంచి తువ్వాలు మీదికి. మా ఆవిడ గ్లాసుతో ఇటు తిరిగింది.

"ఏమిటి, ముగ్గురూ బొమ్మల్లా ఉన్నారు?"

"ఏం లేదక్కా. ఉక్కగా ఉంది."

సగం నీళ్లు తాగి లేచాడు. గడప దగ్గర బూట్లు తొడుక్కుంటుంటే, "గొంతు జాగ్రత్త. మళ్లీ సభకి పనికొస్తుంది," అన్నాను. అమ్మాయి కుర్చీ పని సంగతి ఎవరూ మళ్లీ ఎత్తలేదు.

సాయంత్రం మా ఆవిడ నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"అది వాడితో ఏమంది?"

"ఎవరు?"

"నాకు వినపడలేదు కానీ కళ్లు లేవనుకున్నారా. నాకూ చూపించండి."

నేను చూపించాను. మిల్లులో ఒక్కరోజు కూడా పనిచెయ్యని మనిషి. మొదటిసారి చెయ్యి అన్నమాట ఒక్కటే పట్టుకుంది. మళ్లీ అనమంది. నాలుగోసారికి మొత్తం పైకి చదివింది. అడ్డం పెట్టుకుంటే ఏమిటట అంది. చెప్పాను. టీవీలో చూసిందీ చెప్పాను, కెమెరా ఎవరి తరవాత ఎవరిమీద పోయిందో అలాగే చెప్పాను. నేను అంతసేపు మాట్లాడటం ఆమె ఎప్పుడూ చూసి ఉండదు.

"అడ్డం పెట్టకూడదని వాడికి తెలుసా?" అంది.

"నేనే నేర్పాను."

"మీరు వాడికి మంచిమాట ఒక్కటీ నేర్పలేదు," అని లేచి లోపలికి పోయింది. కాసేపటికి అటక మీద ఏదో సర్దిన చప్పుడైంది. తరవాత చూస్తే రేడియో అటకెక్కి ఉంది.

ఆ మిగిలిన ఎండాకాలం మా ఇంట్లో ముగ్గురం మూడు గోడలవైపు తిరిగి బతికాం. నా మీద ఆమె కోపం తగ్గలేదు. తమ్ముడి మీద పడవలసింది కూడా నా మీదే పడింది. ఉప్పు తక్కువైందంటే వేసుకోండి అనేది, ఎక్కువైందంటే ఉమ్మెయ్యండి అనేది. గేటు ఎదుటి రేకుని మిల్లువాళ్లు పీకించేశారు. ఆపేసినవాళ్లు ఒక్కొక్కరే చెదిరిపోయారు. అమ్మాయి వేరే ఊళ్లో నూలు కండెలు చుట్టే చిన్న షెడ్డులో చేరింది. సెలవుకి వచ్చినప్పుడు, "అక్కడ అందరూ గొంతుతోనే మాట్లాడుకుంటారు నాన్నా. ఎవరి ముఖమూ ఎవరూ చూడరు," అంది. వెళ్లేటప్పుడు తన కత్తెర, మగ్గం మీద పోగులు కత్తిరించుకునేది, గూట్లోంచి తీసి సంచిలో వేసుకుంది. అక్కడ దానితో పనిలేదు. అయినా వేసుకుంది.

మొదటి వాన పడిన రోజున వాడి కారు మా ఇంటి ముందు ఆగింది. మా ఆవిడ గడప దగ్గరికి వెళ్లింది. నేను ఆమె వెనక, మంచం నవారు బిగిస్తూ కూర్చున్నాను. కుర్చీ గోడకి వేసి ఉంది. దానిమీద దుమ్ము అలాగే ఉంది.

"ఏమిటక్కా, ఎన్ని కబుర్లు పంపినా పలకవు," అన్నాడు. గొంతు శుభ్రంగా ఉంది. వానలో నిలబడి ఉన్నాడు, గడపకి అవతల. "తడిసిపోతున్నాను. లోపలికి రమ్మనవా?"

ఆమె చెయ్యి పైకి లేవడం వెనకనించి చూశాను. మోచెయ్యి పక్కకి వచ్చింది. నాలుగు వేళ్లూ కలిపి నోటికి అడ్డం పెట్టుకుంది, బొటనవేలు బుగ్గకి ఆనించి. ఆ చెయ్యి వెనక ఏదో అంది. చెవి కింద దవడ కదలడం కనిపించింది. ఒక్క మాట కాదు, చాలాసేపే అంది. రేకుల కప్పు మీద వాన దడదడలాడుతోంది, మాట నాదాకా రాలేదు.

వాడు ఆమె ముఖంకేసి చూశాడు. షెడ్డులోకి కొత్తగా వచ్చినవాళ్లలా తల ఇటు వంచాడు, అటు వంచాడు. కళ్లలోకి నీళ్లు కారుతున్నా తుడుచుకోకుండా చూశాడు. తరవాత వెనక్కి తిరిగాడు.

కారు మలుపు తిరిగేదాకా ఆమె చెయ్యి దించలేదు. ఏమన్నావని నేను అడగలేదు.